కొలిచి చూపించండి

1984 డిసెంబరు 16న భోపాల్‌లో ప్రభుత్వం ఒక పని తలపెట్టింది. దానికి పెట్టిన పేరు ఆపరేషన్ ఫెయిత్. అంతకు సరిగ్గా రెండు వారాల కిందట, డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక, యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి వెలువడిన మిథైల్ ఐసోసైనేట్ వేలమందిని పొట్టనబెట్టుకుంది. అదే రసాయనం ఫ్యాక్టరీలో మరో ట్యాంకులో ఇంకా మిగిలి ఉంది. దాన్ని అలా వదిలెయ్యలేరు. యంత్రాలను మళ్లీ నడిపి, ఆ మిగిలినదంతా పురుగుమందుగా మార్చెయ్యడమే క్షేమమని డాక్టర్ వరదరాజన్ నాయకత్వంలోని శాస్త్రవేత్తలు తేల్చారు. ఫ్యాక్టరీ చుట్టూ తడి గోనెపట్టాలు కట్టారు. పైన హెలికాప్టర్లు తిరుగుతూ నీళ్లు చల్లాయి. ఆ సమయంలో తాను ఫ్యాక్టరీలోనే ఉంటానని ముఖ్యమంత్రి అర్జున్ సింగ్ ప్రకటించారు.

పని ఏ ప్రమాదమూ లేకుండా ముగిసింది. కానీ అప్పటికే లక్షమందికి పైగా జనం, దొరికిన బస్సు పట్టుకుని, దొరికిన రైలెక్కి, ఊరు విడిచి వెళ్లిపోయారు. శాస్త్రవేత్తలు చెప్పింది నిజం. ముఖ్యమంత్రి ఇచ్చిన మాట నిజం. అయినా జనం నమ్మలేదు. వాళ్లది తెలివితక్కువతనం అందామా? రెండు వారాల ముందు అదే ఫ్యాక్టరీ గురించి, అదే ప్రభుత్వం, భయపడవలసిందేమీ లేదనే చెబుతూ వచ్చింది. పక్కనే ఉన్న బస్తీల వాళ్లకు లోపల ఏం తయారవుతోందో, అది గాలిలో కలిస్తే ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పలేదు. తడిబట్ట ముఖానికి అడ్డం పెట్టుకోవాలన్న మాట కూడా ఆ రాత్రి వాళ్లకు చేరలేదు. అలాంటి వాళ్లు రెండోసారి ఊరు విడిచి వెళ్లారంటే అది జ్ఞాపకం చేయించిన పని.

ముప్ఫై అయిదేళ్ల తర్వాత ఇదే కథ మన విశాఖపట్నంలో జరిగింది. 2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల వేళ, గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకొచ్చింది. కరోనా లాక్‌డౌన్ రోజులు, అందరూ ఇళ్లల్లోనే ఉన్నారు. నిద్రలోంచి లేచినవాళ్లు కళ్లు మండుతుంటే, ఊపిరాడక, దారి కనబడక రోడ్ల మీద కుప్పకూలిపోయారు. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు.

నేను చెప్పాలనుకున్నది ఆ తెల్లవారుజాము గురించి కాదు, ఆ మరుసటి రాత్రి గురించి. మే 7 రాత్రి గ్యాస్ మళ్లీ వస్తోందన్న మాట ఊళ్లల్లో పాకింది. అధికారుల నోటినుంచే వేర్వేరు మాటలు వచ్చాయి. ఒకరు ఖాళీ చెయ్యమన్నారు, మరొకరు అది వదంతి అన్నారు, కంపెనీ వాళ్లు ముందుజాగ్రత్త మాత్రమే అన్నారు. జనం ఎవరి మాటా వినలేదు. పసిపిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్లను బళ్ల మీద కూర్చోబెట్టుకుని, అర్ధరాత్రి రోడ్డెక్కారు. రెండు రోజుల తర్వాత మృతుల బంధువులు శవాలను తెచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు పెట్టి నిలదీశారు. అటుపైన ముఖ్యమంత్రి ఆదేశం మీద మంత్రులు ఆ గ్రామాలకు వెళ్లి రాత్రి అక్కడే పడుకున్నారు. ఇక భయం లేదు, మేమూ మీతోపాటే ఉన్నాం అని చెప్పడానికి.

మంత్రులు అలా వెళ్లడాన్ని నేను తప్పుపట్టను. ఆపద వచ్చిన ఇంటికి మనిషి వెళ్లి నిలబడడం మన దగ్గర ఎప్పుడూ విలువైన పనే. కానీ భోపాల్‌లో ముఖ్యమంత్రి ఫ్యాక్టరీలో కూర్చున్నా, వెంకటాపురంలో మంత్రి మంచం మీద పడుకున్నా, జనం అడుగుతున్న ప్రశ్నకు అది జవాబు కాదు. వాళ్లు అడిగింది, గాలిలో ఇప్పుడు ఏముంది, ఎంత ఉంది, ఎవరు కొలిచారు, ఆ లెక్క మాకెందుకు చూపించరు అని. ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా నాయకులు ఎన్ని రాత్రులు బస చేసినా నమ్మకం నిలబడదు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఆ ట్యాంకు సంగతి కాస్త వివరంగా చూద్దాం. స్టైరీన్‌ను చల్లగా, 20 డిగ్రీల లోపు ఉంచాలి. వేడెక్కితే దాని అణువులు ఒకదానికొకటి అతుక్కోవడం మొదలుపెడతాయి. అలా అతుక్కునేటప్పుడు ఇంకా వేడి పుడుతుంది. ఆ వేడికి ఇంకా వేగంగా అతుక్కుంటాయి. అదుపు తప్పిందంటే ద్రవం మరిగి ఆవిరిగా మారి బయటికి తన్నుకొస్తుంది. దీన్ని ఆపడానికి టీబీసీ అనే మందు కలపాలి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలైలో ఇచ్చిన నివేదిక ప్రకారం ట్యాంకు నిర్మాణం సరిగా లేదు, చల్లబరిచే ఏర్పాటు చాలలేదు, టీబీసీ తగినంత లేదు. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టినది ఇంకొకటి ఉంది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగుభాగంలోనే ఉంది. మధ్యలోనూ పైభాగంలోనూ లేదు. పైన ద్రవం కాగిపోతుంటే, అడుగున కొలిచిన అంకె అంతా బాగానే ఉందని చెబుతూ వచ్చింది. రిజిస్టరులో రాసిన అంకె అబద్ధం కాదు. కాని ఎక్కడ కొలవాలో అక్కడ కొలవలేదు.

ఇంకొకటి. ఆ ఫ్యాక్టరీలో ప్రమాద సూచిక మోగించడానికి 36 చోట్ల మీటలున్నాయి. ఒక్కటీ ఎవరూ నొక్కలేదు. నిద్రపోతున్న ఊరికి హెచ్చరికే లేదు.

ఇక అనుమతుల విషయం. తమ ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని ఆ కంపెనీయే 2019 మేలో, అంటే ప్రమాదానికి సరిగ్గా ఏడాది ముందు, ప్రమాణపత్రంలో రాసి ఇచ్చింది. అంటే విషయం ప్రభుత్వ కార్యాలయంలో కాగితం మీద ఉంది. వెంకటాపురంలో ఎవరికీ తెలియదు. ప్రమాదం జరిగాక జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు జమ చెయ్యమంది, కాలుష్య నియంత్రణ మండలి అధికారులు ఇద్దరు సస్పెండ్ అయ్యారు, కంపెనీ పెద్దలు అరెస్టయ్యారు. ఈ చర్యలు అవసరమే. కాని ఏడాది ముందు ఆ ప్రమాణపత్రం నకలు తెలుగులో వెంకటాపురంలో ఒక గోడ మీద అతికించి ఉంటే ఊళ్లోవాళ్లు ఊరుకునేవారా? నేను ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాను.

చట్టం చేతిలో లేదని ఎవరూ అనలేరు. భోపాల్ తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర పరిశ్రమ యజమాని తన దగ్గరున్న ప్రమాదాల గురించి కార్మికులకే కాదు, చుట్టుపక్కల ప్రజలకు కూడా చెప్పాలని రాశారు. 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నిబంధనలైతే ఇంకా స్పష్టంగా చెప్పాయి, ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నది ముందుగానే ఆ ఇళ్లవాళ్లకు తెలియజెయ్యాలని. ఈ ప్రసంగం వింటున్నవారిలో రసాయన పరిశ్రమ పక్కన ఉంటున్నవాళ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీ ఇంటికి ఎవరైనా వచ్చి, గాలి వాలు ఎటుంటే ఎటు పరుగెత్తాలో చెప్పారా?

ఇప్పుడు పటాన్‌చెరుకు వెళదాం. ఈ కథ పొడుగైనది. అయినా ఇక్కడ తొందరపడను, ఎందుకంటే నమ్మకం ఒక్కరోజులో ఎలా కూలుతుందో విశాఖ చెబితే, ఏళ్ల తరబడి ఎలా కరుగుతుందో పటాన్‌చెరు చెబుతుంది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ప్రాంతాల్లో పారిశ్రామికవాడలు వచ్చాయి. మందులకు ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు పెరిగాయి. వాటి వ్యర్థజలాలు వాగుల్లోకి, చెరువుల్లోకి, అక్కణ్నుంచి నక్కవాగు మీదుగా మంజీరలోకి పోయాయి. రైతుల బావుల్లో నీళ్ల రంగు మారింది, పొలాలు పంటలియ్యడం మానేశాయి, ఆ నీళ్లు తాగిన పశువులు చచ్చిపోయాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్ రావు గారు తన దగ్గరకు వచ్చే రోగుల్లో ఈ మార్పు చూసి, జనాన్ని కూడగట్టి, దశాబ్దాల పాటు పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కణ్నుంచి 2001లో హైకోర్టుకు, అక్కణ్నుంచి హరిత ట్రిబ్యునల్‌కు. ట్రిబ్యునల్ తీర్పు వచ్చేసరికి 2017. ఇరవై ఏడేళ్లు. కేసు వేసిననాటి పిల్లలు పెళ్లాడి పిల్లల తల్లిదండ్రులయ్యారు.

ఈ మధ్యలో ఏమీ చెయ్యలేదని అనకూడదు. వ్యర్థజలాలను కలిపి శుద్ధి చెయ్యడానికి పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు. ఆ తర్వాత 18 కిలోమీటర్ల గొట్టం వేసి, శుద్ధి చేసిన నీళ్లను హైదరాబాదు మురుగుకాలువ ద్వారా అంబర్‌పేటకు పంపారు. నమూనాలు తీశారు, నివేదికలు రాశారు. ఆ నివేదికల్లో ఆమ్లగుణం, కరిగిన లవణాలు, నీటిలోని ఆక్సిజన్‌ను తినేసే పదార్థాల లెక్కలు ఉంటాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన జాబితా అది. మన ఇంజనీర్లు ఆ జాబితా ప్రకారమే కొలిచారు.

2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే ఆ ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లలో మందులు ఎంతెంత ఉన్నాయో వాళ్లు చూశారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. రోజుకు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ నీళ్లలో పోతోందని వాళ్ల అంచనా. అది వేలమంది రోగులకు ఒకరోజు వైద్యానికి సరిపోయేంత మందు.

ఆలోచించండి. శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్లను క్రమం తప్పకుండా మన మండలి పరీక్షిస్తూనే ఉంది. అయినా ఈ సంగతి ఎక్కడో ఉత్తర ఐరోపా నుంచి వచ్చినవాళ్లు చెబితేగాని లోకానికి తెలియలేదు. కారణం మన ఇంజనీర్ల చేతకానితనం కాదు. యాంటీబయాటిక్‌లు వాళ్ల జాబితాలో లేవు. జాబితాలో లేనిది కొలవరు, కొలవనిది నివేదికలో ఉండదు, నివేదికలో లేనిది అధికారికంగా లేనట్టే. విశాఖ ట్యాంకు అడుగున కొలిచిన ఉష్ణోగ్రతకూ దీనికీ ఏం తేడా ఉంది చెప్పండి? వాసన వస్తోంది, గొంతు మండుతోంది, చేపలు తేలుతున్నాయి అని ఊరివాళ్లు అంటారు. అన్నీ పరిమితుల లోపే ఉన్నాయని అధికారి అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. కాని అధికారి అన్న ఆ మాట విన్న ప్రతిసారీ ఊరివాడి మనసులో ప్రభుత్వం మీద ఉన్న నమ్మకం కొంచెం కొంచెంగా తగ్గిపోతుంది.

ఇది ఒక్క పటాన్‌చెరు సమస్యగా మిగలదు. నీళ్లలో అంత మందు ఉంటే దానికి లొంగని సూక్ష్మజీవులు పుడతాయి. రేపు మనింట్లో బిడ్డకు జ్వరం వస్తే డాక్టరు రాసిన మందు పనిచెయ్యకపోవచ్చు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా విడుదల చేసింది. చాలా మంది సంతోషించాం. 2021 ఆగస్టులో తుది ఉత్తర్వు వచ్చింది. అందులో ఆ పరిమితులు లేవు. ఎందుకు తీసేశారో సామాన్యుడికి అర్థమయ్యే మాటల్లో వివరించి ఉంటే, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, కనీసం వినేవాళ్లం.

కాగితం మీద ఒకటి, నేల మీద ఇంకొకటి ఉంటే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా సోంపేట చూపించింది. అక్కడి బీల భూముల్లో బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలనుకున్నారు. కాగితాల్లో అది పనికిరాని నేల. చుట్టుపక్కల రైతులకు, మత్స్యకారులకు అది నీళ్లు నిలిచే, చేపలు పెరిగే, వలస పక్షులు దిగే చిత్తడి నేల. ప్రజాభిప్రాయ సేకరణలో చెప్పారు, ఢిల్లీ దాకా వెళ్లి చెప్పారు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఊరివాళ్లు మొదటినుంచీ చెబుతున్నది సరైనదే అని తేలిన రోజే ఆ ఊళ్లో శవాలు లేచాయి. ఆ ఇద్దరి కుటుంబాలకు ఏ నివేదిక చూపించి, ఏ అధికారి వెళ్లి, మమ్మల్ని నమ్మండి అని అడగగలడు?

ఇంతవరకూ కొలవకపోవడం, చూపించకపోవడం గురించి చెప్పాను. శాస్త్రం సరిగానే ఉండి, మనుషులతో వ్యవహరించిన తీరు తప్పయితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పధ్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే కార్యక్రమం జరిగింది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. సుమారు 14,000 మంది పిల్లలు, వాళ్లలో చాలామంది భద్రాచలం వైపు ఆశ్రమ పాఠశాలల్లో చదువుకునే గిరిజన బాలికలు. కొద్ది నెలల్లో కొందరు పిల్లలు చనిపోయారన్న వార్త వచ్చింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. విచారణ సంఘం ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు. పాముకాటు, మలేరియా వంటి వేరే కారణాలు కనిపించాయి. కానీ అదే విచారణలో మరో విషయం బయటపడింది. అనుమతి పత్రాల్లో 2,700కు పైగా పత్రాల మీద సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

హెచ్‌పీవీ టీకా మంచి టీకా. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి ఆడవాళ్లను కాపాడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. మన పల్లెల్లో ఆ క్యాన్సర్‌తో, అది చాలా ముదిరాక గాని తెలియక, చనిపోతున్న తల్లులు ఎందరో. వాళ్ల కూతుళ్లకు ఆ టీకా అందాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అందుకే ఖమ్మంలో జరిగింది మరీ బాధిస్తుంది. కొండల్లో ఉన్న తల్లిదండ్రుల దగ్గరకు ఒకటికి రెండుసార్లు నడిచి వెళ్లి, వాళ్ల భాషలో, కోయలో గాని తెలుగులో గాని, ఇది ఏమిటో, ఎందుకో, వద్దంటే ఏమవుతుందో చెప్పి ఉంటే సరిపోయేది. ఆలస్యం అయ్యేది, అంతే. ఆ ఆలస్యాన్ని తప్పించుకోవాలని చూసి ఏళ్లు పోగొట్టుకున్నాం. టీకా అంటే అనుమానించే గిరిజన తల్లిని అజ్ఞాని అని విసుక్కునే వైద్యాధికారులు ఈ సంగతి ఒకసారి చదవాలి.

అదే వైద్యశాఖలో నమ్మకం ఉన్న చోటు కూడా చెబుతాను. పల్లెలో ఆశా కార్యకర్త మాట చెల్లుతుంది. నెత్తిన పోలియో చుక్కల డబ్బా పెట్టుకుని ఎండలో తిరిగినవాళ్లు, కరోనాలో గుమ్మం దగ్గర నిలబడి జ్వరం ఉందా అని అడిగినవాళ్లు వాళ్లే. వాళ్ల దగ్గర అధికారం లేదు, జీతం కూడా సరిగా లేదు. కాని వేసిన సూదికి బిడ్డకు జ్వరం వస్తే మర్నాడు ఆ గుమ్మంలోకే వచ్చి జవాబు చెప్పుకోవలసింది ఆమే. ఊరు ఆమెను నమ్మడానికి కారణం అదే అనుకుంటాను. పటాన్‌చెరు నీళ్ల నమూనా తీసుకువెళ్లిన అధికారి ఫలితం చెప్పడానికి ఆ బావి దగ్గరకు తిరిగి వచ్చి ఉంటే, ఆయన మాటకు కూడా ఆ విలువ దక్కేది.

తెలియనిది తెలియదని చెప్పడం ఇంకా కష్టం. 2020 డిసెంబరులో ఏలూరులో ఉన్నట్టుండి మనుషులు మూర్ఛ వచ్చి పడిపోయారు. ఆరువందల మందికి పైగా. ఢిల్లీ ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయంది. తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు ముఖ్యమంత్రికి చెప్పారు. లోతైన అధ్యయనం ఎయిమ్స్‌కూ, పర్యావరణ పరిశోధన సంస్థ నీరీకీ అప్పగించారు. ఆ మొదటి వారంలో ఏలూరు ఆస్పత్రి నుంచి గంటగంటకూ లెక్కలు వచ్చాయి. వైద్యులు రాత్రింబగళ్లు కష్టపడ్డారు, చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుని ఇళ్లకు వెళ్లారు. అది మెచ్చుకోవలసిన పని. అయితే జబ్బు తగ్గాక వార్త కూడా చల్లారింది. పురుగుమందు అయితే ఏ కూరగాయలో, ఏ నీళ్లలో, ఏ దారిన వచ్చింది? రోజూ అదే బజారులో కొని వండుకునే ఇల్లాలికి కావలసింది ఈ జవాబే.

ఉద్దానం సంగతీ అంతే. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరితోటల మధ్య కిడ్నీ జబ్బు ఇంటింటినీ తడుముతోంది. పొలం పనిచేసే బలమైన మగవాడు నలభై దాటేసరికి డయాలిసిస్ మంచమెక్కుతున్నాడు. నీళ్లన్నారు, ఎండలో పనన్నారు, పురుగుమందులన్నారు, వంశపారంపర్యమన్నారు. ఎన్నో సంస్థలు వచ్చి నమూనాలు తీసుకెళ్లాయి. మూలకారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి మొదలయ్యాయి, ఊళ్లకు శుద్ధి చేసిన నీళ్లు గొట్టాల్లో తెచ్చారు. ఇవి మంచి పనులు. కాని రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ తన పరీక్ష ఫలితం చేతికి రావాలి, తన ఊళ్లో తీసిన నమూనాల్లో ఏం కనబడిందో, ఏం కనబడలేదో గ్రామసభలో చదివి వినిపించాలి. ఇంతవరకు చూశాం, ఇది కాదని తెలిసింది, ఇంకా ఇది చూడాలి అని చెబితే ఊరు అర్థం చేసుకుంటుంది. సమాధానం లేకపోవడాన్ని భరించినట్టు, మౌనాన్ని మన జనం భరించలేరు.

అధికారుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కాలుష్య నియంత్రణ మండలిలో, ఫ్యాక్టరీల శాఖలో నిజాయితీగా పనిచేసే ఇంజనీర్లున్నారు. వాళ్ల చేతికింద పరిశ్రమలు ఎక్కువ, మనుషులు తక్కువ. పైనుంచి వచ్చే ఒత్తిడి రెండు రకాలు. అనుమతులు త్వరగా ఇవ్వాలి, ప్రమాదం జరగకూడదు. కొన్నేళ్లుగా రెండు తెలుగు రాష్ట్రాలూ వ్యాపార సౌలభ్యంలో మొదటి స్థానం కోసం పోటీపడ్డాయి. 2016 ర్యాంకుల్లో రెండూ కలిసి ప్రథమస్థానంలో నిలిచాయి. పెట్టుబడి రావాలి, పిల్లలకు ఉద్యోగాలు రావాలి, కాదనను. కాని ఇన్ని రోజుల్లో అనుమతి అని ప్రకటించినప్పుడు ఆ ఫ్యాక్టరీ గోడ పక్కన ఉన్నవాడికి వినిపించేది వేరు. తనిఖీ ఎన్నిసార్లు చేస్తారో, ఏం దొరికిందో, దొరికినదానికి ఏం చేశారో కూడా అంతే గొప్పగా ప్రకటిస్తే ఆ తనిఖీల ర్యాంకులో కూడా మనం ముందుండవచ్చు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా కార్మికులు చనిపోయినప్పుడు, కొందరిని గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చెయ్యవలసి వచ్చింది. పొట్టచేత పట్టుకుని ఎక్కడెక్కణ్నుంచో వచ్చినవాళ్లు వాళ్లు. గేటు బయట నిలబడి పేర్ల కోసం ఎదురుచూసిన ఆ భార్యలకు, తల్లులకు తనిఖీ నివేదికలు చూసే హక్కు లేదంటారా?

ఉంది. అది ఈ రోజు మీకు చెప్పాలనే ఈ చివరి భాగం ఉంచుకున్నాను. 1974 నాటి నీటి కాలుష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర మండలి ఏ పరిశ్రమకు ఏ షరతులతో అనుమతి ఇచ్చిందో ఒక రిజిస్టరు నిర్వహించాలి. ఆ వ్యర్థజలాల వల్ల ప్రభావితమయ్యే ఏ మనిషైనా ఆ రిజిస్టరును చూడవచ్చు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద, ప్రభుత్వానికి 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి, మామూలు పౌరుడు కూడా కోర్టుకు ఫిర్యాదు చెయ్యవచ్చు. కొత్త పరిశ్రమ వస్తుంటే జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో, అంటే మన దగ్గర తెలుగులో, అందుబాటులో పెట్టాలి. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, పరిశ్రమల వ్యర్థాలను ఎప్పటికప్పుడు కొలిచే యంత్రాల లెక్కలు ప్రజలకు కనిపించేలా పెట్టాలని ఆదేశించింది.

కాబట్టి ఫ్యాక్టరీల పక్కన ఉంటున్న శ్రోతలను ఒకటి అడుగుతాను. ఒంటరిగా వద్దు, పదిమంది కలిసి, సర్పంచిని గాని స్కూలు టీచరును గాని వెంటబెట్టుకుని, మీ ప్రాంతీయ మండలి కార్యాలయానికి వెళ్లండి. 25వ సెక్షన్ కింద రిజిస్టరు చూడాలని రాతపూర్వకంగా అడగండి, దరఖాస్తుకు రసీదు తీసుకోండి. కాదంటే అదే ప్రశ్నను సమాచార హక్కు చట్టం కింద పంపండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అక్కడ రాసి ఉన్న షరతులను నకలు రాసుకుని వచ్చి, ఊళ్లో పదిమందీ చదివే గోడ మీద తెలుగులో పెట్టండి. ఆ షరతుల జాబితాలో మీ ఊరి నీళ్లను పాడుచేస్తున్న రసాయనం పేరు ఉందో లేదో వెతకండి. లేకపోతే, అది ఎందుకు లేదో అడుగుతూ రెండో దరఖాస్తు అదే రోజు రాయండి.